నోరు మూసుకునే హక్కు

ఆ వేసవంతా మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సవ్యంగా మాట్లాడలేదు. అంతకు ముందు ఏదో నోరారా మాట్లాడుకునేవాళ్లమని కాదు. నాకూ మా మరిదికీ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ. ఒకే కప్పు కింద ఉంటూ, ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో మా అత్తయ్యను పెట్టుకుని చెప్పుకునేవాళ్లం.

"అమ్మా, ఆ రాజ్యాంగాన్ని కుళాయి కట్టెయ్యమను. నీళ్లు కారిపోతున్నాయి."

"అత్తయ్యా, ఆ రంపాన్ని కాస్త మెల్లగా కొయ్యమనండి. చెవులు చిల్లులు పడుతున్నాయి."

రాజ్యాంగం నేను. బళ్లో పౌరశాస్త్రం చెబుతానని అతను తగిలించిన పేరు. రంపం అతను. ఊరి చివర కోత మిల్లులో దుంగలు కోసే పెద్ద రంపం దగ్గర పని. ఆ పేరు మాత్రం నేను పెట్టింది కాదు, మిల్లువాళ్లే పెట్టారు. చేసే పనిని చూసి కాదు, నోటిని చూసి. ఎదుటివాడు ఎవరైనా సరే, అడ్డంగా కోసి రెండు ముక్కలు చేసి పడేసేవాడు. మా ఆయన దానికి పూర్తిగా తిరగేసిన మనిషి. మందుల షాపులో పని, గొడవంటే ఆమడ దూరం. అన్నదమ్ములిద్దరికీ పంచాల్సిన నోరంతా చిన్నవాడికే ఇచ్చేశానని మా అత్తయ్య ముచ్చటగా చెప్పుకునేది.

బడికి సెలవులిచ్చిన కొత్తలో మిల్లులో ఒకతని వేళ్లు రంపం కింద పడి తెగిపోయాయి. పళ్లచక్రానికి ఉండాల్సిన రేకు తొడుగు ఊడిపోయి ఎన్నాళ్లో అయింది, యజమాని పెట్టించలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం మా మరిది మిల్లు ఆవరణలో అందరి ముందూ యజమాని మీద విరుచుకుపడ్డాడు. "ఈసారి నీ తలకాయ పెడతా దీనికింద" అన్నాడట. ఆ సాయంత్రమే యజమాని తన ఆఫీసు గదిలో నేలమీద చచ్చి పడి ఉన్నాడు. దుంగలు దొర్లించే ఇనప గడతో ఎవరో వెనకనుంచి తలమీద కొట్టారు. ఆ మాట ఊరంతా విన్నది, గడ దెబ్బ ఎవరూ చూడలేదు. ఇంక వేరే చెప్పాలా? నోరా వీపుకు చేటు తేకే అని ఊరికే అన్నారా?

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనక నలుగురు పోలీసులు. మా మరిది కంచం ముందు కూర్చుని ఉన్నాడు.

"లే."

"తినేసి వస్తా."

"మేం పెడతాంలే, లే."

చొక్కా మెడ పట్టుకుని లేపారు. కంచం తన్నుకుని గోడ దాకా పోయింది. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చేసింది. అతని మీద ప్రేమతో కాదు. ఏళ్ల తరబడి పిల్లలచేత వల్లె వేయించిన మాట, అలవాటుగా జారింది.

"ఎందుకు తీసుకెళ్తున్నారో ముందు అతనికి చెప్పాలి కదండీ?"

ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగాడు. "ఎవరీవిడ?"

మెడ వంచి పట్టుకున్నా మా మరిది నోరు ఊరుకోలేదు. "మా రాజ్యాంగం," అన్నాడు.

ఆ మాటకు పక్కనున్న పోలీసు అతని వీపుమీద ఒక్కటిచ్చాడు. మా అత్తయ్య కెవ్వుమంది. మా ఆయన గుమ్మం దగ్గర గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు.

పెరట్లో తీగమీద ఆరేసిన చొక్కా తీశారు. అతని రబ్బరు చెప్పులు తీశారు. చొక్కాను వెలుతురుకు పట్టుకుని, "దీన్ని నిన్న సాయంత్రం ఎవరు ఉతికారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే," అంది అత్తయ్య. ఆలోచించుకోవడానికి క్షణం కూడా తీసుకోలేదు.

ఆయన నవ్వి నన్ను చూశాడు. పక్కింటావిడ మేడమీంచి అంతా చూసి, ఎవరూ అడక్కుండానే చెప్పేసిందని తర్వాత తెలిసింది. "టీచరమ్మా, మీరప్పుడు వెనక గుమ్మంలోనే ఉన్నారట కదా?"

ఉన్నాను. చేతిరుమాలు కూడా తల్లిచేత ఉతికించుకునే మనిషి, మునిమాపువేళ కుళాయి కింద చొక్కా పెట్టి, నా వైపు వీపు తిప్పి, బండకేసి బాదడం చూశాను. చూసి నాలో నేను నవ్వుకున్నాను కూడా.

"నన్ను ఎక్కడ అడగాలో అక్కడ అడగండి. చెబుతాను," అన్నాను.

లేదు అనలేదని అత్తయ్య గమనించింది. ఆ పూట నుంచి ఆమె నన్ను 'అమ్మాయ్' అని పిలవడం మానేసింది.

*

స్టేషన్‌కి నేనూ మా ఆయనా కలిసే వెళ్లాం. ఆవరణలో ఎప్పుడో పట్టుకున్న సైకిళ్లు తుప్పుపట్టి ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. లోపల ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు. వెనక గదిలో తలుపు సగం వేసి ఉంది. అవతల మా మరిది గోడకు చేరగిలబడి, కాళ్లు చాచుకుని కూర్చున్నాడు. మోకాళ్లు ముడవలేకపోతున్నాడని చూడగానే తెలుస్తోంది.

"ఇరవై నాలుగు గంటలు దాటకుండా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. లాయరుతో మాట్లాడనివ్వాలి. కొట్టకూడదు," అన్నాను.

"అయిపోయిందా పాఠం?" అన్నాడాయన. "ఇప్పుడు నాది వినండి. ఆ గదిలోకి వెళ్లింది నేను, మీరు కాదు. గోడమీద నెత్తురు చూసింది నేను. ఆ మనిషి పెళ్లాం ఏడుస్తుంటే పట్టుకుని కూర్చోబెట్టింది నేను. హక్కులు బతికున్నవాడికేనా? చచ్చినవాడికి లేవా?"

బళ్లో ఏ పిల్లవాడూ నన్ను అడగని ప్రశ్న అది. అసలు ఆయన తప్పు మనిషిని పట్టుకున్నాడని కూడా నాకు అనిపించలేదు. మా మరిదే చేశాడని నేనూ నమ్మాను. ఆ నోరు ఏదో ఒకరోజు చేతుల్లోకి దిగుతుందని ఎప్పుడూ అనుకునేదాన్నే.

"ఉన్నాయి. అందుకే అసలు చేసినవాడు దొరకాలి. కొడితే దొరికేది ఒప్పుకునేవాడే," అన్నాను. ఆయన పట్టించుకోలేదు. మా ఆయన భుజంమీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్లాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన మొహంలో కాస్త వెలుగు వచ్చింది. "ఒప్పుకుంటే మంచిదంటున్నాడు. కోపంలో చెయ్యి జారిందని మేజిస్ట్రేటు దగ్గర చెప్పేస్తే హత్య కాకుండా చిన్న కేసుగా రాస్తాడట. కొన్నేళ్లు పోయి వచ్చేస్తాడు. లేదంటే ఉరే అంటున్నాడు."

"శిక్ష వేసేది ఆయన కాదండీ. మేజిస్ట్రేటు దగ్గర ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు. ఇక్కడ పోలీసుల దగ్గర ఎంత ఒప్పుకున్నా చెల్లదు, అందుకే అక్కడికి పంపిస్తున్నాడు."

"నీకన్నీ తెలుసు," అన్నాడాయన. పెళ్లయ్యాక ఆయన నాతో కటువుగా అన్న మొదటి మాట అది. పెద్ద మాటేం కాదు. కానీ ఇల్లు చేరేదాకా నాకు రెండడుగులు ముందే నడిచాడు.

*

లాయరు దొరకడం గగనమైంది. చచ్చినవాడు పదిమందికి కావలసినవాడు. కోర్టు వరండాలో ఒకరి తర్వాత ఒకరు, మా పేరు చెప్పగానే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయారు. చివరికి ఒక లాయరమ్మ ఒప్పుకుంది. మొహాన నవ్వనేది లేదు, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. నేను మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

"మిమ్మల్ని సాక్షిగా పిలుస్తారు. చొక్కా ఉతకడం చూశారు కదా. చూసింది చూసినట్టు చెప్పండి. ఎందుకు ఉతికాడో మాత్రం అతన్ని మీరు అడక్కండి. ఇంట్లో వాళ్లెవరూ అడగొద్దు. అతను మీకేం చెప్పినా అది మీ నోట్లోంచి మళ్లీ లాగుతారు."

"అతనే చేశాడంటారా?"

"నన్నూ అడక్కండి."

ఇంటికొచ్చి చెబితే మా అత్తయ్య అంతా విని, చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "సాక్ష్యం చెబుతావా? నువ్వు?"

"పిలిస్తే చెప్పకపోతే ఎలాగత్తయ్యా? ప్రమాణం చేయించి అడుగుతారు."

"ఏం, నీకూ నోరు మూసుకునే హక్కు లేదా? వాడికుందని తెగ చెబుతున్నావుగా."

"అది తన మీద తను సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చినవాళ్లకి. నేను చూసింది వేరే మనిషిని."

"వేరే మనిషి," అంది అత్తయ్య. ఆ రెండు మాటలూ మెల్లగా, రాళ్లు ఏరినట్టు ఏరి అంది. "వినరా. నీ తమ్ముడు ఈవిడకి వేరే మనిషట."

మా ఆయన పేపరు మడతపెట్టి పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ వారమే ఎవరో మా గేటు మీద మసిబొగ్గుతో 'హంతకుల కొంప' అని రాశారు. కడుగుదామని నేను బకెట్టు తీసుకెళితే ఎదురింటివాళ్లు మొహంమీదే తలుపు వేసుకున్నారు. రోజూ పొద్దున్నే పాలు పోసే మనిషి రావడం మానేశాడు. పుండుమీద కారం చల్లినట్టు పక్కింటావిడ మేడమీంచి, "నిప్పు లేందే పొగ రాదు కదమ్మా" అని జాలిగా పలకరించేది.

*

రిమాండుకి పంపాక జైలుకి ముందు అత్తయ్య వెళ్లింది. తిరిగొచ్చి మా ఆయనతో చెబుతుంటే వంటగదిలో నాకు వినిపించింది. "ఒట్టు వేయించుకున్నాన్రా. ఒప్పుకుంటానన్నాడు. వాడు ప్రాణాలతో వస్తే చాలు నాకు."

మర్నాడు నేను వెళ్లాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇనప వల అవతల అతను, ఇవతల నేను. మా చుట్టూ ఎవరి గోల వాళ్లది, అరిస్తేనే గానీ వినపడదు. గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూసి వెనక్కి తిరిగి చూశాడు, వెనకాల ఇంకెవరికోసమైనా వచ్చానేమోనని.

"అమ్మ రాలేదా?"

ఎన్నాళ్లకో నాతో నేరుగా అన్న మాట.

"నేనే వచ్చాను. చెప్పేది విను. రేపు నిన్ను మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్తారు. పోలీసులందర్నీ బయటికి పంపించేస్తాడు. నువ్వు చెప్పాల్సిన పని లేదని, చెబితే నీకే ఎదురు తిరుగుతుందని ఆయనే నీకు చెబుతాడు. అప్పుడు..."

"ఏం చెప్పాలో నాకు తెలుసు."

"ఏం చెప్పొద్దు."

"అమ్మకి మాటిచ్చా."

"మీ అమ్మకి చట్టం తెలీదు."

"నీకు మనుషులు తెలీదు!" వల పట్టుకుని అరిచాడు. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒక్క క్షణం మాటలాపి చూశారు. "ఎందుకొచ్చావసలు? చూసి సంతోషపడదామనా? వెళ్లి మీ పిల్లకాయలకి చెప్పుకో. వీపుమీద లాఠీ పడుతుంటే గుర్తొస్తాయా నీ అధికరణాలు? నన్ను ఎన్నిసార్లు అడిగారో తెలుసా? ఒకే ప్రశ్న. ఏం చెప్పినా అదే ప్రశ్న."

"గుర్తురావు. అందుకే ఇక్కడికొచ్చి చెబుతున్నా." నాకూ ఒళ్లు మండిపోయింది. "పుట్టినప్పటినుంచీ ఆ నోరు ఎక్కడ తెరవకూడదో అక్కడే తెరిచావు. జీవితంలో ఒక్కసారి, ఒక్క గదిలో, మూసుకుని కూర్చోలేవా? చేతకాదా నీకు?"

అతను నన్ను చంపేసేలా చూశాడు. నిజంగానే చంపి ఉంటాడని ఆ చూపుకు నాకు గట్టిగా అనిపించింది. అయినా చెప్పాల్సింది చెప్పాను కదా అనుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చేశాను.

*

కోర్టు వరండాలో రెండు బెంచీలున్నాయి. ఒకదానిమీద అత్తయ్య, మా ఆయన. రెండోదానిమీద నేను, లాయరమ్మ. ఇన్‌స్పెక్టరు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మేజిస్ట్రేటు గది తలుపు వేసి ఉంది. లోపల మా మరిది, మేజిస్ట్రేటు, రాసుకునే గుమస్తా. అంతే.

ఎండ వరండాలో సగం దాకా వచ్చింది. అత్తయ్య పెదాలు కదులుతున్నాయి. తలుపు తెరుచుకున్నప్పుడు ముందు గుమస్తా వచ్చాడు. చేతిలో కాగితాలు మడిచి పట్టుకుని విసురుకుంటున్నాడు, చెమటకి.

"ఏమైంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏముంది, ఏమీ చెప్పలేదు."

"ఏమీ చెప్పకపోవడమేంటి?"

"అయ్యగారు నాలుగు రకాలుగా అడిగారు. పేరు చెప్పాడు. అంతే."

ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తీశాడు, తుడుచుకోలేదు, చేత్తో పట్టుకునే నన్ను చూశాడు. మా మరిది సంకెళ్లతో బయటికొచ్చి తల్లి ముందునుంచి నడుస్తూ తల ఎత్తలేదు. అత్తయ్య లేచి రెండడుగులు వేసి, "ఒట్టు తీసి గట్టున పెట్టించావా?" అంది. ఆ ప్రశ్న అతనికి కాదు. నాకు.

ఆ వెనకే నన్ను పిలిచారు. నా చేత ప్రమాణం చేయించాక మేజిస్ట్రేటు చొక్కా గురించి అడిగాడు. చూశానన్నాను. మునిమాపువేళ, పెరట్లో కుళాయి దగ్గర, అతనే.

"మామూలుగా బట్టలు అతనే ఉతుక్కుంటాడా?"

"లేదండీ. ఎప్పుడూ ఉతకడు."

"చొక్కా మీద మరకలున్నాయా?"

ఈ ప్రశ్నకు ఇన్‌స్పెక్టరు నాకు ముందే ఒక జవాబు ఇచ్చి ఉంచాడు. 'ఎర్రగా కనిపించిందనండి చాలు, మీ ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాదు' అన్నాడు. అత్తయ్య మా ఆయన చేత ఇంకో జవాబు పంపింది. 'మరకలు లేవు అను. ఆ ఒక్క ముక్క అను.' ఉన్నాయి అంటే ఒకరికి చాలు, లేవు అంటే ఇంకొకరికి చాలు.

"నేను చూడలేదండీ. అతని వీపు నా వైపుంది. చీకటి పడుతోంది."

"చూడలేదా, లేవా?"

"చూడలేదు."

బయటికి వచ్చేసరికి మొదటి బెంచీ ఖాళీగా ఉంది. వాళ్లు నన్ను వదిలేసి ఆటో ఎక్కి వెళ్లిపోయారు. నేను ఎండలో నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి నా బట్టలు, పుస్తకాలు, నేను పడుకునే పరుపు ముందుగదిలోకి వచ్చేసి ఉన్నాయి. లోపలి తలుపుకి గడియ. ఆ రాత్రి మా ఆయన ఎటు పడుకోవాలో తేల్చుకోలేక చాలాసేపు గడప మీద కూర్చుని, చివరికి నా వైపు వచ్చాడు. వచ్చాడు, అంతే.

*

తర్వాతి వాయిదాకి లాయరమ్మ చొక్కా జోలికే పోలేదు. ల్యాబువాళ్లకి అందులో సబ్బు తప్ప ఏమీ దొరకలేదు. 'అంత శుభ్రంగా ఉతికాడంటేనే అర్థం చేసుకోండి' అన్నారు పోలీసుల తరఫువాళ్లు. మా మరిది రబ్బరు చెప్పుల గుర్తు ఆఫీసు గది రంపపు పొట్టులో దొరికిందన్నారు. ఆవిడ అన్నీ విని, లవంగం ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుని, ఒకే ఒక్క సంగతి అడిగింది.

"మనిషి చనిపోయిన గది మర్నాడు మధ్యాహ్నానికల్లా నీళ్లు పోసి కడిగేశారు. ఎవరు కడిగించారు? ఎవరు ఒప్పుకున్నారు?"

ఇన్‌స్పెక్టరు నీళ్లు నమిలాడు. కడిగించింది యజమాని బావమరిది. పరామర్శకి వచ్చేవాళ్లకి నెత్తురు కనబడకూడదని పాపం ఆయనే దగ్గరుండి కడిగించాడట. ఫోటోలు తీసేశాం కదా, పరవాలేదనుకున్నామన్నారు. అయితే తీసిన ఫోటోలన్నీ, ఒక్కటి కూడా మినహాయించకుండా, కోర్టు ముందు పెట్టమంది లాయరమ్మ. పెట్టారు. బల్ల కింద, నెత్తురు అంచున, తోలు బూటు మడమ అచ్చు ఉంది. నెత్తురు ఆరకముందు పడిన అచ్చు. మిల్లులో తోలు బూట్లు తొడుక్కునేది ఇద్దరే. ఒకడు చచ్చిపోయాడు.

కేసు పైఅధికారి చేతికి మారింది. బావమరిది బూట్ల కుట్లలో నెత్తురు దొరికింది. మిల్లులో వాటా అడిగితే యజమాని కాదన్నాడట, చాలాకాలంగా రగులుతోందట. తొలకరి పడకముందే మా మరిది ఇంటికొచ్చాడు. ఊరు ఎంత వేగంగా మమ్మల్ని వెలేసిందో అంత వేగంగా తిరిగొచ్చింది. పాలమనిషి వచ్చాడు. పక్కింటావిడ మేడ దిగి మరీ వచ్చి, "నాకు మొదటినుంచీ తెలుసమ్మా" అంది.

మా ఇంట్లో తలుపు గడియ మాత్రం తియ్యలేదు. అటు తల్లీ చిన్నకొడుకూ, ఇటు నేనూ మా ఆయనా. రెండు పొయ్యిలు. కొడుకు బతికి బయటపడ్డాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనే ఉరితాడు పేనినదాన్నని అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

ఒక సాయంత్రం నేను కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతుంటే మా మరిది కుంటుకుంటూ వచ్చి బండమీద కూర్చున్నాడు.

"చొక్కా సంగతి ఎందుకు చెప్పావు?"

"చూశాను కాబట్టి."

"మరి నన్ను నోరు మూసుకోమని ఎందుకన్నావు?"

"అది నీ హక్కు కాబట్టి."

"నేనే చేశాననుకున్నావా?"

"అనుకున్నాను."

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. అతను చాలాసేపు కారే నీళ్లనే చూశాడు. కుళాయి కట్టమని ఈసారి అనలేదు.

"ఆరోజు అందర్లో అరిచాక నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. తొడుగు పెట్టిస్తాడేమోనని వెళ్లా. దగ్గరికి రమ్మని, చొక్కా మీద ఉమ్మేశాడు. తాంబూలం నమిలినట్టు నోట్లో ఇంత పోగేసుకుని మరీ. తిరిగి ఒక్క మాట అనలేకపోయా. నేను! నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. అలాగే వచ్చేశా. అప్పటికి బతికే ఉన్నాడు వాడు."

"పోలీసులకి చెప్పలేదా?"

"చెబితే? ఆ గదిలో ఉన్నానని నేనే ఒప్పుకున్నట్టు. పైగా ఉమ్మించుకుని ఊరుకున్నానంటే ఎవడు నమ్ముతాడు నా నోరు తెలిసినవాడు? లాయరమ్మకొక్కదానికే చెప్పా." ఆగి, "నువ్వు అడిగుంటే నీకూ చెప్పేవాణ్నే. నువ్వు పోయి అక్కడ చెప్పేసేదానివి," అన్నాడు.

"చెప్పేదాన్నే."

"తెలుసు," అని లేచి వెళ్లిపోయాడు. ఆ 'తెలుసు'లో తిట్టెంతుందో, ఇంకేమైనా ఉందో నాకు తెలియలేదు.

*

బడులు తెరిచే ముందు మబ్బు పట్టిన ఒక ఉదయం మా గేటు దగ్గరకు ఒకావిడ వచ్చింది. లోపలికి రాకుండా ఊచలు పట్టుకుని నిలబడింది. బావమరిది భార్య. మొగుణ్ని పట్టుకెళ్లినప్పటినుంచీ ఏ లాయరూ ఆమెకు తలుపు తియ్యడం లేదట. వాళ్ల కిటికీలు పగలగొట్టారట. మొగుణ్ని మళ్లీ పోలీసు కస్టడీకి తీసుకున్నారట. స్టేషన్‌లో ఆమెకు చూపించడం లేదు. ఇక్కడైతే చట్టం తెలిసినావిడ ఉందని ఎవరో చెప్పారట.

లోపలినుంచి అత్తయ్య ఆ గొంతు గుర్తుపట్టింది. "ఎంత ధైర్యం ఉంటే మా గడప తొక్కుతావే! నీ మొగుడు చేసిన పనికి నా కొడుకు కాళ్లు విరిగాయి. ఫో అవతలికి!" మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు. ఇది మాత్రం వద్దు. వాడు ఇంట్లోనే ఉన్నాడు," అన్నాడు మెల్లగా.

ఆవిడ వెళ్లలేదు. ఏడవనూ లేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది. నేను చెయ్యి విడిపించుకుని గేటు దాకా వెళ్లాను. తియ్యకుండానే, ఊచల మధ్యనుంచే చెప్పాను.

"లాయరు లేకుండా దేనికీ జవాబు చెప్పొద్దని ముందు మీ ఆయనకి కబురు చెయ్యండి. లాయరు దొరక్కపోతే కోర్టే ఇవ్వాలి, మేజిస్ట్రేటుని అడగమనండి. ఏ కాగితం మీదా..."

వెనక లోపలి తలుపు గడియ తీసిన చప్పుడైంది. గడియ పడ్డాక మొదటిసారి. మా మరిది ఒక్కో మెట్టూ దిగి కుంటుతూ వస్తున్నాడు. ఆవిడ అతన్ని చూసి వెనక్కి తగ్గింది. నేనూ గేటుకు అడ్డంగా జరిగాను, చెయ్యి ఎత్తుతాడేమోనని.

అతను నన్ను పక్కకు నెట్టి ఆవిడ ముందు నిలబడ్డాడు. మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు.

"ముందు మోకాళ్లమీద కొడతారు," అన్నాడు. "బయటికి కనపడదని. మేజిస్ట్రేటు 'ఏమైనా చెప్పుకునేదుందా' అంటాడు. అప్పుడు సిగ్గుపడకుండా ప్యాంటు పైకి లాగి చూపించమను. నేను చూపించలేదు."

చెప్పేసి, ఇంక ఎవరి మొహమూ చూడకుండా వెనక్కి తిరిగి, మెట్లెక్కడానికి గోడ పట్టుకున్నాడు. ఆవిడ ఊచలు వదలకుండా అలాగే నిలబడింది. ఇంట్లో అత్తయ్య తిట్లు ఆగలేదు. ఇప్పుడు నన్నా, కొడుకునా, ఆవిడనా అన్నది ఆమెకే తెలియాలి.